సర్కారుసభల తలుపులు

తుంగభద్ర జలాశయమునకు క్రొత్తనీరు వచ్చినదన్న వార్త పత్రికలో పడినతోడనే అనంతపురపు రైతు రెండుదిక్కులకు చూచును. ఒకటి ఆకాశము, రెండవది కలెక్టరు కచ్చేరి. ఆకాశము తన రహస్యము నెవ్వరికిని చెప్పదు. దానితో మనకు వ్యాజ్యము లేదు. కచ్చేరి సంగతి వేఱు. అచ్చట నీటిపారుదల సలహామండలి కూర్చుండును. మంత్రులు, శాసనసభ్యులు, కలెక్టరుగారు, ఇంజనీర్లు చేరి ఎగువకాలువ నీరు ఏ యుపకాలువకు ఎన్నిదినములు, ఏ చెఱువునకు ఎంత, త్రాగునీటికి ఎంత అని పంచుదురు. మఱునాడు పత్రికలో నొక ఛాయాచిత్రమును, దానిక్రింద "నిర్ణయములు గైకొనబడినవి" అను వాక్యమును వచ్చును. ఏ లెక్కమీద ఒకరికి హెచ్చెనో, మఱియొకరికి తగ్గెనో, ఎవరు ఒప్పిరో, ఎవరు కాదనిరో అను సంగతి పఠనమందిరమున పత్రిక చదువు పెద్దమనిషికిగాని, కాలువకొసను నారు పోసికొని యున్న రైతునకుగాని సాంతముగ తెలియుట అరుదు.

ఈ పంపకము సామాన్యమైనది కాదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ మనది. బచావత్‌గారి న్యాయమండలి ఎగువకాలువక్రింద ఆంధ్రకు 32.5 టీఎంసీల నీరు కేటాయించినది. అయితే జలాశయము కట్టిననాడు సుమారు 133 టీఎంసీలు పట్టుచుండగా, పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. కేటాయింపు కాగితముమీద నున్నది, పూడిక జలాశయములో నున్నది. పోయిన నీటిని ఎవరివంతునుండి ఎంత తగ్గింపవలెననుటయే ఏటేట వచ్చు ప్రశ్న. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకొనిపోయి నిండినకుండ యొక్కరాత్రిలో ఓటికుండ యైనప్పుడు ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో మన మందఱము చూచితిమి. పంచవలసినది సమృద్ధిగ నున్నప్పుడు పంచువాడు చాటున పంచినను ఎవ్వరును అడుగరు. కొఱతను పంచునప్పుడు చాటు పనికిరాదు.

కావున నేను అడుగు ప్రశ్న ఒక్కటి. ప్రజలపని చేయుటకు కూడిన సభలో ప్రజలకు చోటు హక్కుగ కలదా, లేక లోపలివారి దయగ కలదా? హక్కుగనే యుండవలెనన్నచో, అధికారులు తమలోదాము ఏకాంతముగ మాటాడుకొనదగిన సందర్భములు అసలే లేవా? ఉన్నచో అవి యేవి?

కొన్నియేండ్లక్రిందట జరిగిన యొకసంగతి మనవిచేసెదను. కచ్చేరి పేరుగాని ఊరిపేరుగాని చెప్పను. ఒకరిని నిందించుట నా యుద్దేశము కాదు. కాలువకొసనున్న యొక గ్రామమునుండి ఐదుగురు రైతులు నాయొద్దకు వచ్చిరి. వారిది కోర్టువ్యవహారము కాదు. నీటివంతునుగూర్చి సభ జరుగుచున్నదట, తమతో వచ్చి ఒక్కమాట చెప్పవలెనట. వారిలో పెద్దవాడన్న మాట నాకింకను జ్ఞాపకమున్నది: "నీళ్లిస్తారా ఈరా అనేది ఈపొద్దు తెలిస్తే సాలు సార్. ఈమంటే సెనక్కాయ ఏసుకుంటాం. నారు పోసినాంక చెప్తే మా గతేం గావాల?" వెళ్లితిమి. వాకిట బిళ్లబంట్రోతు నిలిపి, "లోపల ఆఫీసర్ల మీటింగు" అనెను. ఏ నిబంధనప్రకారము ప్రవేశము లేదని నేనడిగితిని. పాపము, అతనికేమి తెలియును? లోపలికి చీటి పంపితిని. ప్రత్యుత్తరము రాలేదు. మూడుగంటలు వేపచెట్టుక్రింద కూర్చుంటిమి. సభ ముగిసి కార్లు వెడలిపోయెను. ఆ రైతులు వినికిడిమాట నమ్మి నారు పోసిరి. నీరు వారు విన్న తేదీకి పదునైదుదినములు ఆలస్యముగ వచ్చెను. నారు ముదిరి పశువులకు మేతయయ్యెను.

పిమ్మట నేను సమాచారహక్కు చట్టముక్రింద ఆ సభ మినిట్సు కొఱకు దరఖాస్తు పెట్టితిని. ఒకటిన్నర పుట కాగితము వచ్చినది. హాజరైనవారి పేర్లు, హోదాలు ఒకపుట నిండ నున్నవి. మిగిలిన సగముపుటలో "సభ్యులు కూలంకషముగ చర్చించి తగు నిర్ణయము గైకొనిరి" అని యుండెను. ఆ కూలంకషచర్చ యెట్టిదో నేటికిని నాకు తెలియదు. అధికారులు అన్యాయము చేసిరని నేననను. బహుశః త్రాగునీటి అక్కఱచే, న్యాయముగనే, తేదీ మార్చియుందురు. కాని ఆ యైదుగురు రైతులు పైకాలువవారు డబ్బిచ్చి నీరు మళ్లించుకొనిరని నేటికిని నమ్ముచున్నారు. కారణము తెలియనిచోట అనుమానము మొలచును. తలుపు మూసినవానికి ఆ అనుమానమును తప్పుపట్టు నర్హత లేదు.

న్యాయస్థానములలో పనిచేయు మాబోంట్లకు ఇది వింతగ తోచును. మేకను దొంగిలించినాడని యొకనిమీద నేరము మోపినచో, ఆ విచారణ తెఱచిన తలుపులతో, దారినపోవువాడుకూడ వచ్చి కూర్చుండగల గదిలో జరుగవలెను. 1966లో మిరాజ్‌కర్ వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండి, బహిరంగవిచారణయే నియమమనియు, న్యాయనిర్వహణకే భంగమువచ్చునప్పుడు మాత్రము తలుపు మూయవచ్చుననియు తేల్చిరి. 2018లో సుప్రీముకోర్టు తన విచారణలను దేశమంతయు చూచునట్లు ప్రసారము చేయుటకుగూడ సమ్మతించినది. ఒక్క మేక తగవునకు ఇంత వెలుగు అవసరమైనప్పుడు, పదిగ్రామముల పంటను తేల్చు సభకు చీకటి యేల?

"చట్టమేమి చెప్పుచున్నది?" అని పాఠకులు అడుగవచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ సెక్షనులో నొక చక్కని యుపనిబంధన కలదు. ప్రతి ప్రభుత్వకార్యాలయమును తనక్రింద ఏయే మండలులు, కమిటీలు, సలహాసంఘములు గలవో, వాని సభలు ప్రజలకు తెఱచియున్నవో లేవో, మినిట్సు ప్రజలకు దొరకునో దొరకదో ఎవ్వరును అడుగకుండనే ప్రకటింపవలెను. ఈ నిబంధనను చూచి సంతోషించినవారు ఒక్కక్షణము ఆగి మఱల చదువవలెను. సభ తెఱచియున్నదో లేదో చెప్పుమని చట్టము శాసించినదిగాని, తెఱచి యుంచుమని శాసింపలేదు. "మా సభలు ప్రజలకు తెఱచి లేవు" అని గోడమీద వ్రాసి పెట్టినచో చట్టము తృప్తిపడును! వాకిలి యెక్కడనో చూపి, తాళపుచెవి మాత్రము లోపలివానిచేతనే యుంచినట్లున్నది.

పాతచట్టము ఒకటి ఈవిషయమున ఇంతకంటె స్పష్టముగ నుండెను. మన మండలము మదరాసు రాజధానిలో నున్నకాలమున, 1920లో చేయబడిన జిల్లామునిసిపాలిటీల చట్టపు అనుబంధములో, కౌన్సిలుసభలు ప్రజలకు తెఱచియుండవలెననియు, ఏదేని సందర్భమున ప్రజలను వెలుపలికి పంపవలసివచ్చినచో అధ్యక్షుడు కారణమును మినిట్సు పుస్తకమున వ్రాసి మఱి పంపవలెననియు ఉన్నది. పరాయిప్రభుత్వము ఊరికౌన్సిలుకు పెట్టిన యీ నియమమును, స్వరాజ్యములో ఏర్పడిన జిల్లా కమిటీలకును సలహామండలులకును మనము పెట్టుకొనలేమా?

బ్రిటనులోను ఈ హక్కు ఊరక రాలేదు. టెన్‌బీ యను చిన్నపట్టణపు కౌన్సిలు అచ్చటి పత్రికాసంపాదకుడైన మేసన్ అను నాతనిని సభకు రానీయలేదు. 1908లో న్యాయస్థానము కౌన్సిలుపక్షముననే తీర్పుచెప్పినది. ఆ తీర్పుచే లోకము కన్ను తెఱచినది. ఆ యేడే పార్లమెంటు పత్రికలవారిని స్థానికసభలకు రానిచ్చు చట్టము చేసినది. సామాన్యప్రజలకు ఆ హక్కు 1960లోగాని రాలేదు. అమెరికాలో 1976 నాటి చట్టము కేంద్రమండలుల సభలన్నియు తెఱచియుండవలెనని చెప్పి, పది మినహాయింపులను పేర్కొని, వారముముందు నోటీసు ఈయవలెనని విధించినది. అంతకంటె ముఖ్యము, మూసిన సభకుగూడ మాటలను పట్టియుంచిన వ్రాతయో యంత్రలేఖనమో యుండవలెనని నిర్దేశించినది. తలుపు మూయుట యనగా మాటలను చెఱిపివేయుట కాదని దాని భావము.

మనకు పరదేశములనుండియే నేర్చుకొనవలసిన యగత్యము లేదు. చెఱువునీటిని నీరుగంటి మడిమడికి త్రిప్పుచుండగా ఆయకట్టుదారులందఱును గట్టుమీద నుండి చూచుచుండెడివారు. 1800లో దత్తమండలములు కుంఫిణీవారికి వచ్చినపిమ్మట మన్రో దొర అనంతపురమున కచ్చేరి పెట్టి ఏడేండ్లు పాలించెను. రైతుతో నేరుగ శిస్తు తేల్చుకొను పద్ధతిలో జమాబంది గ్రామస్థులయెదుట జరుగవలసినదే. ఒకని భూమి ఎట్టిదో పదిమందికి తెలియును గనుక అబద్ధము నిలువదు. ఇది ప్రజాస్వామ్యము కాదు, శిస్తువసూలు. అయినను బహిరంగముగ లెక్కచూచుటలోని లాభమును వసూలుదారుడే గ్రహించెనన్న సంగతి గమనింపదగినది.

అట్లని పాతకాలపు రచ్చబండను పొగడుచు కూర్చుండుట నాకు సమ్మతము కాదు. రచ్చబండ తెఱచినదే; కాని ఎవరికి? మాలమాదిగలు దూరమున నిలిచి వినవలసియుండెను. ఆడుదాని మాటకు అచ్చట చోటులేదు. తలుపులేని సభయు కొందఱికి మూసిన సభయే కావచ్చునని మన గ్రామములే మనకు నేర్పినవి. కావున బహిరంగసభ యనగా గోడలు లేకుండుట కాదు. పిలుపు అందఱికి అందుట, మాటాడినవానికి మఱునాడు కీడు కలుగకుండుట, చెప్పినమాట పుస్తకమున కెక్కుట – ఇవి యున్నదే బహిరంగసభ.

అట్టి సభ యెట్లుండునో నేను కన్నులార చూచితిని. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన నార్పల మండలములోని బండ్లపల్లెలో నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్‌గారు గ్రామీణ ఉపాధిహామీ పథకమును ప్రారంభించిరి. ఆ చట్టపు 17వ సెక్షను పనుల తనిఖీని గ్రామసభకే అప్పగించినది. మస్టరురోలులు, బిల్లులు, వోచర్లు, కొలతపుస్తకములు గ్రామసభముందు పెట్టవలెనని చెప్పినది. అంతకు సుమారు పదునొకండేండ్లముందు, 1994 డిసెంబరులో, రాజస్థానమున కోట్‌కిరానా గ్రామములో కూలీలే లెక్కలను బహిరంగముగ చదివించిన జనసునవాయి యీ నిబంధనకు మాతృక. 2006లోనే మన జిల్లాలో సామాజికతనిఖీ పెద్దయెత్తున జరిగినది. అప్పుడు నేను క్రొత్తగ సన్నదు పుచ్చుకొన్న వకీలును, తనిఖీలో స్వచ్ఛందసేవకుడను.

మేము చేసిన పని చాల స్వల్పము. మస్టరురోలును గట్టిగ చదువుట. అంతే. పేరు, పనిచేసిన దినములు, ఇచ్చిన సొమ్ము. ఒక పల్లెలో నే నొకపేరు చదువగా సభలో నిశ్శబ్దము. పిమ్మట నొక ముసలమ్మ లేచి, "ఆయప్ప సచ్చిపోయి మూడేండ్లాయ గదప్పా" అనెను. జనము నవ్విరి, నవ్వు ఆగినపిమ్మట మఱల నిశ్శబ్దము. ఆ రెండవ నిశ్శబ్దమున అచ్చట కూర్చున్నవారి ముఖములు నేను మఱువలేను. వందపుటల నివేదిక చేయలేని పని ఆ ముసలమ్మ యొక్కమాట చేసినది. ఆ కాగితము ఎన్నో బల్లలు దాటి వచ్చినది, ఎందఱో సంతకములు చేసిరి. ఎవ్వరికిని తప్పు కనబడలేదు. కనబడవలసినవారి యెదుట దానిని ఎవ్వరును చదువలేదు గనుక. 2009లో ఈ తనిఖీలకై రాష్ట్రమున ప్రత్యేకసంస్థ యేర్పడుటకు ఇట్టి పల్లెసభలే పునాది.

ఇక ఎదిరిపక్షము వాదమును వినవలెను. పక్షపాతములేని వకీలు దానిని బలహీనముగ చూపరాదు. అధికారులలో నిజాయితీపరులు మాతో నేకాంతమున చెప్పునది ఇది: "పదిమంది యెదుట ఎవ్వడును నిజము చెప్పడు. ఇంజనీరు తన సందేహమును దాచును. సభ్యుడు ప్రక్కవానితో రాజీపడుటకు సిద్ధముగ నున్నను, తన ఊరివారు వినుచున్నారని బల్ల గ్రుద్దును. సభ నాటకమగును, అసలుమాట విందులో జరుగును."

ఇందు సత్యము లేకపోలేదు. మన సీమ చరిత్రలోనే దీనికి సాక్ష్యము కలదు. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనములో కోస్తాంధ్ర రాయలసీమ నాయకులు కూర్చుండి మాటాడుకొనిరి. మన కల్లూరు సుబ్బారావుగారు అందులో నొకరు. విశ్వవిద్యాలయకేంద్రము, నీటిపారుదలలో పదియేండ్ల ప్రాధాన్యము, రాజధానియో హైకోర్టో అను విషయములమీద ఆ భవనములో కుదిరిన మాటయే శ్రీబాగ్ ఒడంబడిక. మైదానములో పదివేలమంది యెదుట ఆ రాజీ కుదిరియుండెడిది కాదు. రాజ్యాంగసభయు నట్లే. మహాసభ బహిరంగముగ సాగెను, ప్రేక్షకులు వచ్చి చూచిరి. కాని దాని కమిటీలు తలుపులు మూసికొనియే పనిచేసెను.

ఈ రెండింటిని చూపి "రహస్యమే మేలు" అనువారు సగము చరిత్రను మాత్రమే చదివినవారు. శ్రీబాగ్‌లో మాటలు నాలుగుగోడలమధ్య నడచినను, ముగిసినది సంతకములతో గూడిన కాగితముగ. దానిలోని షరతులు లోకమునకు తెలిసినవి. అది తెలిసియుండుటచేతనే, అమలు కాలేదని ఎనుబది యేండ్లకు పైగ మనము అడుగగలుగుచున్నాము. రాజ్యాంగసభ కమిటీల నివేదికలు బహిరంగసభకే వచ్చినవి. ఒక్కొక్క అధికరణము అచ్చటనే చర్చించి అంగీకరింపబడినది. ఏకాంతము ఆలోచనకు పనికివచ్చినది. నిర్ణయము మాత్రము వెలుగులోనికి వచ్చి నిలువబడినది. ఈ భేదమే మనకు కావలసిన కొలబద్ద.

సమాచారహక్కు చట్టముగూడ మంత్రివర్గమువిషయమున ఈ కొలబద్దనే వాడినది. మంత్రుల ఆలోచనలకు గోప్యత నిచ్చినది. కాని నిర్ణయము జరిగి వ్యవహారము ముగిసినపిమ్మట ఆ నిర్ణయమును, దాని కారణములను, ఆధారములను ప్రకటింపవలెనని వెంటనే చేర్చినది. రాష్ట్రమేలు మంత్రివర్గమునకే ఈ నియమ మున్నప్పుడు మండలకార్యాలయమునకు అంతకంటె పెద్దగోప్యత యెక్కడిది?

కావున అధికారులు ఏకాంతముగ కూడదగిన సందర్భములు కలవు. అవి కొద్ది. ఒక్కొక్కటి చెప్పెదను.

మొదటిది, మనిషి మానము. ఒక ఉద్యోగిమీద వచ్చిన ఫిర్యాదును ప్రథమముగ విచారించునప్పుడు, అత్యాచారమునకు గురియైన స్త్రీ సంగతిగాని బాలుని సంగతిగాని వచ్చినప్పుడు, ఒకని వ్యాధి మాటాడవలసినప్పుడు తలుపు మూయుట ధర్మము. అయితే వ్యక్తిగతమను మాటను ప్రతికాగితమునకు కప్పరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగతసమాచార రక్షణ చట్టము సమాచారహక్కులోని ఈ మినహాయింపును మిక్కిలి విశాలము చేసినది. ఆ ముసలమ్మ వినిన మస్టరురోలులోని పేర్లుగూడ వ్యక్తిగతములే యని రేపొక గుమాస్తా వాదించినచో ఏమగును? చనిపోయినవారు కూలి పుచ్చుకొనుచునే యుందురు.

రెండవది, నడచుచున్న వ్యాజ్యము. ప్రతివాది వినుచుండగా నేను నా కక్షిదారునితో ఆలోచన చేయను. కృష్ణానీటికై న్యాయమండలియెదుట మన రాష్ట్రము ఏ వాదము ఎత్తవలెనో మన ఇంజనీర్లును న్యాయవాదులును గదిలో మాటాడుకొనుట న్యాయము. మూడవది, ధర. టెండర్లు విప్పకముందు, ప్రభుత్వము భూమి కొనుటకు బేరము తెగకముందు, ఎంతవరకు ఇత్తుమో చాటుట దళారికి మేలుచేయుట. నాలుగవది, ప్రాణభయము. అల్లరులను ఆపుటకు పోలీసులు చేయు యేర్పాటులు, సమాచారమిచ్చినవాని పేరు – వీనిని ఎవ్వరును బహిరంగము చేయుమనరు. ఐదవది, సన్నాహము. ఇద్దఱు ఇంజనీర్లు కూర్చుండి ప్రవాహపు లెక్క కట్టుకొనుట సభ కాదు. నిర్ణయించు అధికారముగల మండలి కూడినప్పుడే అది సభ.

ఈ యైదింటిలోనికి రానిది, సభ్యులకు ఇబ్బందిగ నుండునన్న కారణము. ప్రశ్నలు వచ్చునన్న భయమును రాదు. సిగ్గు ఒక చట్టసమ్మతమైన కారణము కాదు.

మూయదగిన సందర్భమునందైనను మూయుటకొక పద్ధతి యుండవలెను. తలుపు మూయకముందే కారణమును బహిరంగముగ చెప్పి, పుస్తకమున వ్రాసి, ఎవరు మూయుమనిరో ఎవరు వలదనిరో ఓటుతో తేల్చవలెను. ఆ యొక్క విషయమునకే తలుపు మూయవలెనుగాని, దాని చాటున మిగిలిన పదివిషయములు దాటింపరాదు. తుదితీర్మానము మఱల తలుపు తెఱచినపిమ్మటనే చేయవలెను. ఏకాంతసభకును మినిట్సు వ్రాయవలెను. వ్యాజ్యము ముగిసినను, భూమి కొనుట పూర్తియైనను, అవి బయటికి రావలెను. సభ్యులు ముందురాత్రి ట్రావెలర్సు బంగళాలో కూడి అంతయు తేల్చుకొని, మఱునాడు తెఱచిన తలుపులతో తలలూపుటగూడ రహస్యసభయే యని నిబంధనలో వ్రాయవలెను.

నీటిమండలికి ఈ కొలబద్ద పెట్టి చూతము. ఆ సభలో ఎవరి మానమునకు ముప్పు కలదు? ఏ టెండరు కలదు? ఏ ప్రాణభయము కలదు? జలాశయములో నీరెంతయో దేశమంతయు ఎఱుగును. వంతులు తేల్చుటలో దాచవలసినది ఏమియు లేదు. కరువుమండలముల ప్రకటనయు నట్లే. వాన ఎంత తక్కువ పడెను, పైరు ఎంత విత్తిరి, ఉపగ్రహచిత్రము ఏమి చెప్పెను, పొలము చూచినవారు ఏమి వ్రాసిరి అను లెక్కలమీద మండలమును జాబితాలో చేర్చుదురు, లేదా విడిచిపెట్టుదురు. విడిచిపెట్టబడిన మండలపు రైతునకు తన లెక్క యెక్కడ తప్పినదో చూపినచో నష్టపడువా రెవ్వరు? తప్పులెక్క వేసినవాడు తప్ప!

తలుపు తెఱచినంతమాత్రమున పని ముగియదని ఒప్పుకొందును. 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రములోని 13,326 గ్రామపంచాయతులలో ఒకేదినమున గ్రామసభలు జరిపిరి. సంకల్పము మెచ్చదగినది. కాని సంవత్సరములో మిగిలిన దినములలో గ్రామసభ యెట్లు జరుగుచున్నదో పల్లెవారే చెప్పుదురు. దండోరా ఉండదు, రిజిష్టరును ఇంటింటికి త్రిప్పి వ్రేలిముద్రలు వేయింతురు, సభ జరిగినట్లు వ్రాసికొందురు. అట్టి సభ తలుపులు తెఱచియే యుండును, లోపల సభయే యుండదు. విషయసూచిక వారముముందు తెలుగులో గోడకెక్కవలెను. కూలివాడు పనికి పోవు వేళ సభ పెట్టరాదు. లెక్కల కాగితములు సభకుముందే చేతికి రావలెను. మూడువందలపుటల ఆంగ్లనివేదికను సభనాడు బల్లమీద పెట్టి "చూచికొనుడు" అనుట మూసిన తలుపునకు రంగు వేయుటయే.

అధికారుల సద్బుద్ధిమీద ఆధారపడినచో ఏమగునో మనకు అనుభవమే. మన రాష్ట్రప్రభుత్వపు ఉత్తరువులను ఎవ్వరైనను ఆన్‌లైనులో చదువుకొను వీలు చాలకాలము ఉండెను. 2021 ఆగస్టులో నాటి ప్రభుత్వము దానిని నిలిపివేసినది. 2024లో వచ్చిన ప్రభుత్వము మఱల తెఱచినది. ఏ పక్షము మంచిదను చర్చ నాకిచ్చట వలదు. ఒక నిర్ణయముతో మూయబడి మఱియొక నిర్ణయముతో తెఱువబడునది హక్కు కాదు, అనుగ్రహము. కావున శాసనసభ యొక చిన్నచట్టము చేయవలెను. జిల్లాలో ప్రజాధనమునుగాని ప్రజాజలమునుగాని పంచు ప్రతిమండలియు తెఱచిన తలుపులతో కూర్చుండవలెననియు, మూయదగిన సందర్భములు ఇవియే యనియు, నియమము తప్పిన సభలో చేసిన తీర్మానము చెల్లదనియు అందుండవలెను. ఈ తుదిమాట లేనిచో మిగిలినదంతయు నీతిబోధయే.

చట్టము వచ్చువఱకు మనము చేతులు ముడుచుకొని యుండవలెనా? పఠనమందిరములలో ఈ పత్రిక చదువు మహాశయులకు నా మనవి. మీ యూరి కార్యాలయములో ఎన్నికమిటీలున్నవో, వాని సభలు తెఱచియున్నవో లేవో తెలుపుమని ఒక దరఖాస్తు పెట్టుడు. వచ్చిన ప్రత్యుత్తరమును పఠనమందిరపు గోడకు అంటింపుడు. సభ జరుగునాడు ఇద్దఱు పోయి వాకిట నిలుచుండి లోపలికి రానిండని మర్యాదగ అడుగుడు. రానీయనిచో కారణము వ్రాసి యిమ్మనుడు. రానిచ్చినచో మౌనముగ కూర్చుండి, విన్నది వ్రాసికొని, వచ్చి పదిమందికి చదివి వినిపింపుడు. సభలోనికిపోయి కేకలు వేయువాడు తలుపు మూయుదమనువానికి సాయము చేయుచున్నాడని మఱువకుడు.

ఆ యైదుగురు రైతులలో పెద్దవాడు ఇప్పుడు లేడు. అతని కొడుకు ఆ పొలమునే సేద్యము చేయుచున్నాడు. ఈ యేటను కాలువకు నీరు వచ్చువేళకు అతడు నాకు ఫోనుచేసి, "మీటింగెప్పుడు సార్? ఈతూరి లోపలికి రానిస్తారా?" అని అడుగును. అతనికి నేనేమి చెప్పవలెనో చెప్పవలసినవారు సభలో కూర్చున్నవారు.